అక్క శ్రీమంతం రోజు మా కుక్క మటన్ గంజు పడేసింది, ఇప్పుడు దాన్ని పంపించేయాలంటున్నారు

దేవరకొండ చెల్లి
ఆదివారం, రాత్రి 10.20

అందరికీ నమస్తే, వందనాలు. నిద్ర పట్టక రాస్తున్నాను. మాది దేవరకొండ. అక్కకు ఏడో నెల. మొదటి కాన్పు కాబట్టి పురుడు మా ఇంట్లోనే. ఈరోజు ఆరాధన అయ్యాక చర్చి హాల్లో శ్రీమంతం పెట్టుకున్నాం. 60 మందికి భోజనాలు. హాలు పక్కన వంటగది చిన్నది, అందుకే బగారా అన్నం, మటన్ ఇంట్లోనే వండి ఆటోలో తీసుకుపోదామనుకున్నాం.

పొద్దున నాలుగింటికే అమ్మ, చిన్నమ్మ కలిసి పొయ్యి వెలిగించారు. 8 కిలోల మటన్. ఉడికాక గంజు దించి, పైన పళ్లెం మూసి, పాత చీరతో మూతి కట్టి వెనక సాయబాన్‌లో పెట్టారు. మాకు బుజ్జి అని ఒక ఊరకుక్క ఉంది. మూడేళ్ల కింద వానలో తడుస్తూ గేటు దగ్గర కనిపిస్తే అక్కే లోపలికి తెచ్చి పెంచింది. ఈరోజు హడావుడిలో దానికి పొద్దున అన్నం పెట్టడం అందరం మరిచిపోయాం. గొలుసు ఎవరు విప్పారో ఇప్పటికీ తెలియదు. చీర కొసను పట్టి లాగింది. గంజు ఒరిగి సగం కూర బండల పాలైంది. మేము ఉరికి వచ్చేసరికి నోట్లో మటన్ బొక్క, మూతి నిండా మసాలా. తోక ఊపుతూ మా వైపే చూస్తోంది.

అప్పుడు టైం తొమ్మిదిన్నర. అమ్మకు చేతులు కాళ్లు ఆడలేదు. అంతలో నానమ్మ వచ్చి చూసి, "శుభకార్యం పూట కూర కుండ ఒరిగింది. ఇది మంచిది గాదు. ఆ కుక్కను పంపుండ్రి. బిడ్డ పుట్టే ఇంట్ల అది ఉండొద్దు" అని గట్టిగా అనేసింది. లోపల అర్రలో చీర కట్టుకుంటున్న అక్క విన్నది. అత్తగారు పెట్టిన గద్వాల చీర, కుచ్చిళ్లు సగం పెట్టుకుని అలాగే మంచం మీద కూర్చుండిపోయింది.

కార్యక్రమం జరిగింది. అయ్యగారు ప్రార్థన చేశారు. కానీ అక్క రెండు ముద్దలు కూడా తినలేదు. నాన్న బుజ్జిని డిండి వైపు మా మామయ్య పొలం దగ్గర వదిలి వస్తానంటున్నారు. బావ ఎటూ చెప్పలేకపోతున్నాడు. మీ ఇళ్లలో ఇలాంటిది జరిగిందా? ఏం చేశారు?

మిర్యాలగూడ వంటాయన
ఆదివారం, రాత్రి 10.48

చెల్లె, ముందు ఇది చెప్పు. 60 మందికి భోజనం ఎట్లా సర్దారు? ఇరవై ఏళ్లుగా ఫంక్షన్లకు వండుతున్నాను, నాకు అదే టెన్షన్ పట్టుకుంది.

ఇంకెవరికైనా ఇట్లా జరిగితే గుర్తు పెట్టుకోండి. కుక్క ముట్టని మటన్ సగం మిగిలితే విందు చెడిపోయినట్టు కాదు, దాల్చా చేయొచ్చు. మూడు కిలోల పప్పు, కంది, శనగ కలిపి కుక్కర్లలో పెట్టండి. శనగపప్పును వేడి నీళ్లలో అరగంట నానబెడితే తొందరగా ఉడుకుతుంది. పెద్ద పెద్ద సొరకాయ ముక్కలు, చింతపండు పులుసు, మిగిలిన మటన్ దాంట్లోనే. చివర్న కొత్తిమీర, పుదీన. గంటన్నరలో 60 మందికి వస్తుంది. బగారాలోకి దాల్చా పోస్తే మటన్ తక్కువైందని ఎవరూ అనరు. ఒక్కటి మాత్రం చూసుకోండి. నేల మీద పడింది మళ్లీ గంజులోకి ఎత్తొద్దు, పైపైది అయినా సరే. కుక్క మూతి పెట్టిన గంజులో మిగిలింది కూడా మనుషులకు పనికిరాదు.

దేవరకొండ చెల్లి
ఆదివారం, రాత్రి 11.05

అన్నా, అదృష్టం ఏమిటంటే అమ్మ పొద్దున్నే కూర రెండు గంజుల్లో వండింది. బుజ్జి ముట్టింది ఒక్కటే. దాంట్లో మిగిలింది కూడా పారబోశాం. రెండోది బాగానే ఉంది.

తర్వాత జరిగింది చెప్తే మీరు నమ్మరు. అమ్మ స్త్రీల సమాజంలో ఒక అక్కకు ఫోన్ చేసి విషయం చెప్పింది. అంతే. ఆరాధనకు వచ్చేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో గిన్నె పట్టుకొచ్చారు. ఒకరు గుడ్ల పులుసు, ఒకరు టమాట పప్పు, ఒకరు చింతకాయ తొక్కు. ఒక ముసలమ్మ తన ఇంట్లో పొద్దున చేసిన జొన్న రొట్టెలు ఆరు, స్టీలు డబ్బాలో పెట్టుకుని తెచ్చింది. ఆ ఆరు రొట్టెలు 60 మందికి ఎట్లా వస్తాయని ఆమె ఆలోచించలేదు. అందరూ కడుపునిండా తిన్నారు. నానమ్మ మాటే ఇంకా ఇంట్లో తిరుగుతోంది.

గోపాలమిత్ర, అచ్చంపేట
సోమవారం, ఉదయం 6.10

అమ్మా, నేను ఊళ్లలో పశువులకు సూదులు వేసే పని చేస్తాను. కూర ఎట్లా పోయినా పోయింది, కుక్క సంగతి చూడండి. మటన్ కూరలో దానికి చెడు చేసేవి రెండు. ఒకటి ఉల్లి, వెల్లుల్లి. కుక్క రక్తంలోని ఎర్ర కణాలను ఉల్లి దెబ్బతీస్తుంది. ఆ ప్రభావం వెంటనే కనిపించదు, రెండు మూడు రోజుల తర్వాత బయటపడుతుంది. చిగుళ్లు పాలిపోయినా, మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో వచ్చినా, లేవకుండా పడుకున్నా ఆలస్యం చేయకుండా పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. రెండోది ఉడికిన బొక్క. పచ్చి బొక్క కంటే అది తొందరగా సూదుల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. కడుపు ఉబ్బినా, మాటిమాటికీ కక్కుతున్నా, దొడ్డికి పోలేకపోయినా అదే కారణం కావచ్చు. ఉప్పు నీళ్లు తాగించి కక్కించే పని అసలు చేయొద్దు.

ఇంకొకటి. పాయసంలో వేసే కిస్‌మిస్ కూడా కుక్క మూత్రపిండాలకు మంచిది కాదు. పండుగలప్పుడు ఎవరూ దీన్ని పట్టించుకోరు.

పొలం దగ్గర వదిలే మాట గురించి కూడా చెప్పాలి. ఇంట్లో పెరిగిన కుక్కను కొత్త చోట వదిలితే అక్కడి కుక్కలు ఊరుకోవు. తిండి వెతుక్కోవడం దానికి రాదు. పెంచిన జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. మీ నాన్నగారిని భయపెట్టడానికి చెప్పడం లేదు. అట్లా వదిలేసిన కుక్కల కళ్లు నేను చాలాసార్లు చూశాను, అందుకే రాస్తున్నా.

నకిరేకల్ కోడలు
సోమవారం, ఉదయం 9.30

మేము హిందువులం, చర్చిలో శ్రీమంతం ఎప్పుడూ చూడలేదు. మా దగ్గర ముత్తైదువలు పసుపు రాసి, గాజులు తొడిగి, ఒడి నింపుతారు. మీ దగ్గర ఏం చేస్తారో ఎవరైనా చెప్తారా? తెలుసుకోవాలని ఉంది.

మా ఇంట్లో పిల్లి ఉంది. నాకు ఐదో నెల అని తెలియగానే ఇంటికి వచ్చినవాళ్లందరూ దాన్ని సంచిలో వేసి ఊరి బయట వదలమన్నారు. రాత్రి భోజనం పూట అది మా మామగారి పక్కన కూర్చుంటుంది. ఆయన పెరుగన్నం ఒక ముద్ద తీసి పక్కన పెట్టేదాకా కదలదు. ఆయనే "ఇది పోతే నేను ఎవరితో తినాలి" అన్నారు. దాంతో ఆ మాట ఆగిపోయింది.

పాలమూరు పెద్దమ్మ
సోమవారం, మధ్యాహ్నం 1.15

నకిరేకల్ బిడ్డా, పిల్లి గురించి మా కోడలికి డాక్టరమ్మ చెప్పింది రాస్తాను. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు అది కొత్తగా సోకితే బిడ్డకు ప్రమాదమే, ఆ భయం ఉత్తది కాదు. కానీ ఆ మలం పడిన వెంటనే అంటదు. అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకని రోజూ ఇంట్లో ఇంకెవరైనా శుభ్రం చేస్తే చాలు, నువ్వు మాత్రం చేయి పెట్టకు. పెరట్లో మట్టి పని చేస్తే చేతులకు కవర్లు వేసుకో. సగం ఉడికిన మాంసం, కడగని ఆకుకూర వల్ల కూడా ఇదే క్రిమి వస్తుంది. చాలామంది పిల్లిని వెళ్లగొట్టి, పచ్చి కొత్తిమీర కడగకుండా నంజుకుంటారు.

దేవరకొండ బిడ్డా, నీ నానమ్మ మాట విని కోపం తెచ్చుకోకు. మా కాలం ఆడవాళ్లకు కాన్పంటే మళ్లీ బతికి బయటికి వస్తామో లేదో తెలియని సంగతి. అందుకే చిన్నదానికి కూడా ఉలిక్కిపడతారు.

సంఘం అమ్మగారు, నాగర్‌కర్నూల్
సోమవారం, సాయంత్రం 4.40

నకిరేకల్ అమ్మా, నువ్వు అడిగినందుకు సంతోషం. మాది మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, జడ్చర్ల వైపు పాత మిషన్ కాంపౌండ్లు ఎక్కువగా మావే. ఇక్కడ శ్రీమంతం అంటే ముఖ్యంగా ప్రార్థన కూడిక. తల్లి కాబోయే ఆమెను ముందు కూర్చోబెట్టి పాట పాడతాం, బైబిల్లోని 127వ కీర్తన చదువుతాం. తర్వాత పెద్ద వయసు స్త్రీలు ఆమె తల మీద చేతులుంచి ఒక్కొక్కరు ప్రార్థన చేస్తారు. కొన్ని సంఘాల్లో గాజులు, పూలు ఉంటాయి, కొన్నిచోట్ల ఉండవు. దాని మీద పెద్ద వాదన పెట్టుకోను. నా కోడలికి మా వదిన గాజులు తొడిగింది, నేను అడ్డు చెప్పలేదు. బిడ్డ పుట్టాక మా దగ్గర పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వరు, సంఘం ముందు ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. కథోలికుల్లో, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో పసిపిల్లలకే బాప్తిస్మం ఉంటుంది.

నేను ఆ రోజు ఎప్పుడూ లూకా సువార్త మొదటి అధ్యాయం చదువుతాను. గర్భంతో ఉన్న యేసు తల్లి మరియ కొండ ప్రాంతానికి ప్రయాణం చేసి తన బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్తుంది. ఆమె కూడా గర్భవతే. మూడు నెలల పాటు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారని ఉంటుంది. వాళ్లు ఏం వండుకున్నారో, ఏం మాట్లాడుకున్నారో రాయలేదు. నేను మాత్రం చదివిన ప్రతిసారీ అదే ఆలోచిస్తాను. దేవరకొండ చెల్లీ, మీ అక్క దగ్గర నువ్వు ఉండడం అలాంటిదే.

కూర ఒరగడం అపశకునం అని మన విశ్వాసంలో లేదు. కానీ ఆ మాట నానమ్మ ముందు వాక్యాలు చూపించి వాదించకు. ఒకసారి ఆమె పక్కన కూర్చుని, ఎందుకు అంత భయపడ్డావని అడుగు. ఆమె చెప్తున్నప్పుడు మధ్యలో మాట్లాడకు.

సూర్యాపేట నాన్న
సోమవారం, రాత్రి 8.25

నేను వేరే మాట చెప్తాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మా ఇంటి కుక్క చాలా మంచిది. మా బాబుకు నాలుగేళ్లప్పుడు అది తింటున్న పళ్లెంలో చేయి పెట్టాడు. బుగ్గ మీద కరిచింది. ఒక్క క్షణం. ఏడు కుట్లు పడ్డాయి.

సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలని అప్పుడు నాకు తెలియదు. మా అత్తమ్మ పసుపు అద్దింది. డాక్టరు చూసి గాయం మీద పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదని చెప్పాడు. మా కుక్కకు టీకాలు వేయించే ఉన్నా సరే, బాబుకు సూదులు వేశారు. మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. ముఖం మీద గాయం కాబట్టి గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కించారు. ఆ 28 రోజులు నా భార్య సరిగా నిద్రపోలేదు.

అందుకే నా మాట ఏమిటంటే, మొదటి ఏడాది కుక్క వేరే ఇంట్లో ఉంటేనే మేలు. పొలంలో వదలమని అనను. బాగా చూసుకునే చుట్టాల ఇంట్లో ఉంచండి.

గోపాలమిత్ర, అచ్చంపేట
సోమవారం, రాత్రి 9.15

అన్నా, మీ బాధ అర్థమైంది. తండ్రిగా మీ మాట కాదనలేను. నేను ఒకటి కలుపుతాను. కుక్కను దూరం పంపినా, పంపకపోయినా, తినే కుక్క జోలికి పోవద్దన్నది ఇంట్లో అందరికీ తెలియాలి. బుజ్జి గంజు మీద పడింది ఆకలి వల్ల. ఒకే చోట, ఒకే టైంకు, రెండు పూటలా కడుపు నిండితే కుక్క మనిషి తిండి వైపు అంతగా చూడదు.

బిడ్డ పుట్టేలోపు ర్యాబిస్ టీకా గడువు చూసుకోండి, ఏడాదికోసారి తప్పనిసరి. నులిపురుగుల మందు వేయించండి. పశువుల ఆసుపత్రుల్లో ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బుల) దినం సందర్భంగా ఉచితంగా టీకాలు వేస్తారు. బిడ్డ ఆసుపత్రిలో ఉన్నప్పుడే చుట్టిన గుడ్డ ఒకటి ఇంటికి తెచ్చి కుక్కకు వాసన చూపించండి. బిడ్డ ఉన్న గదిలోకి దాన్ని రానివ్వొద్దు. పెద్దవాళ్లు ఎదురుగా లేకుండా బిడ్డను, కుక్కను ఒక్క నిమిషం కూడా కలిపి వదలొద్దు.

ఏఎన్‌ఎం అక్క, మర్రిగూడ
మంగళవారం, ఉదయం 7.05

అందరూ కుక్క గురించే రాశారు. అక్క ఆ రోజు తినలేదు కదా, ఇప్పుడు తింటోందా? ఏడో నెలలో కడుపు మీదికి ఒత్తుకొచ్చి ఒకేసారి ఎక్కువ తినలేరు. రోజుకు ఐదారు సార్లు కొద్దికొద్దిగా పెట్టండి. ఐరన్ మాత్ర టీతోనో, పాలతోనో వేసుకోవద్దు, ఒంటికి పట్టదు. నిమ్మరసంతోనో, బత్తాయి రసంతోనో వేసుకుంటే మంచిది. మన నల్గొండ బత్తాయి ఉండగా ఇంకేం కావాలి? కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి. మా మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, అందుకే ఇక్కడ గర్భిణులకు నల్లా నీళ్లే తాగమని చెప్తాం. మీ వైపు బోరు ఉంటే ఒకసారి చూసుకోండి. చెకప్‌కు పోవడానికి 102 బండి పిలవండి, మొహమాటపడకండి.

దేవరకొండ చెల్లి
గురువారం, రాత్రి 9.50

ముందు మంచి మాట. బుజ్జి బాగుంది. మొదటి రోజు రెండుసార్లు కక్కింది, తర్వాత తేరుకుంది. చిగుళ్లు రోజూ పొద్దున, రాత్రి చూస్తున్నాను, గులాబీ రంగులోనే ఉన్నాయి. నాన్న పొలం మాట ప్రస్తుతానికి ఆపారు.

అమ్మగారు చెప్పినట్టు నిన్న రాత్రి నానమ్మ కాళ్లకు కొబ్బరి నూనె రాస్తూ అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. 1967లో ఇందిరాగాంధీ వచ్చి సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన నాలుగేళ్లకు నానమ్మకు మొదటి కాన్పు. ఏడో నెలలో పుట్టింటి నుంచి పలహారాలు తెచ్చారట. ఆ రోజు మేక ఒకటి లోపలికి దూరి పెరుగు కుండ తన్నేసింది. అందరూ నవ్వారట, నానమ్మ కూడా నవ్విందట. తెల్లారి నొప్పులు మొదలయ్యాయి. ఊళ్లో డాక్టరు లేడు. ఎడ్లబండి మీద దేవరకొండ తీసుకొచ్చేసరికి బిడ్డ లేదు. ఆడపిల్ల.

నాన్నకంటే ముందు ఒక అక్క ఉండేదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తాతయ్య ఉన్నన్నాళ్లూ ఆ మాట ఎత్తనివ్వలేదట. "నేను ఆ రోజు నవ్విన బిడ్డా" అని నానమ్మ ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అన్నది. నేను ఏం చెప్పాలో తెలియక ఆమె కాళ్లు పట్టుకునే కూర్చున్నాను.

ఈరోజు అక్కకు చెకప్. నానమ్మను కూడా వెంట తీసుకుపోయాం. నర్సమ్మ అక్క పొట్ట మీద జెల్ రాసి చిన్న మిషన్ పెట్టింది. ముందు గరగర శబ్దం, తర్వాత బిడ్డ గుండె చప్పుడు, దూరంగా పిండి మర ఆడుతున్నట్టు గబగబా. 144 అని చూపించింది. ఇంత తొందరగా కొట్టుకుంటోంది ఏమిటని నానమ్మ భయపడింది. కడుపులో బిడ్డకు 110 నుంచి 160 దాకా మామూలేనని నర్సమ్మ చెప్పింది. నానమ్మ ఇంకోసారి వినిపించమని అడిగింది. నర్సమ్మ వినిపించింది.

పాలమూరు పెద్దమ్మ
గురువారం, రాత్రి 10.30

బిడ్డా, చదివి ఏడ్చాను. నీ నానమ్మకు నా దండం చెప్పు. మా అమ్మకూ ఒకరు పోయారు. మేమూ ఎప్పుడూ అడగలేదు.

వనపర్తి తమ్ముడు
శుక్రవారం, ఉదయం 8.00

మా ఇంట్లో అక్క శ్రీమంతానికి కోడిపుంజు వచ్చి పోలెల పళ్లెంలో నిలబడింది. పిల్ల ఇప్పుడు రెండో తరగతి, చక్కగా ఉంది. మీ నానమ్మకు ఇది కూడా చెప్పండి అక్కా.

దేవరకొండ చెల్లి
రెండున్నర నెలల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6.15

ఇక్కడ రాసినవాళ్లందరికీ చెప్పాలని వచ్చాను. అక్కకు ఆడపిల్ల పుట్టి పన్నెండు రోజులు. 2 కిలోల 800 గ్రాములు. తల్లీబిడ్డా క్షేమం. గోపాలమిత్ర అన్న చెప్పినట్టు బిడ్డను చుట్టిన గుడ్డ ముందుగా తెచ్చి బుజ్జికి చూపించాం. చాలాసేపు వాసన చూసి, గుడ్డ పక్కనే పడుకుంది. సూర్యాపేట అన్నా, మీ మాట కూడా విన్నాం. నాన్న బిడ్డ అర్ర దర్వాజకు నడుమెత్తు ఇనుప జాలీ పెట్టించారు. బుజ్జి దానికి అవతలే ఉంటుంది.

బుజ్జికి అన్నం పెట్టే పని ఇప్పుడు నానమ్మది. ఎవరూ చెప్పలేదు, తనే తీసుకుంది. ఈ మధ్యాహ్నం మటన్ వండారు. నానమ్మ నాలుగు ముక్కలు గిన్నెలో వేసుకుని నల్లా దగ్గర కూర్చుంది. ఒక్కో ముక్కను నీళ్ల కింద పట్టి, వేలితో రుద్ది, అంటుకున్న ఉల్లిపాయ పొర తీసేసింది. బొక్కలు వేరు చేసి కవర్లో కట్టింది. మెత్తటి మాంసం అన్నంలో పిసికి, చల్లారిందో లేదో ముంజేతి మీద పెట్టి చూసుకుని, సాయబాన్‌లో పెట్టింది. లోపల బిడ్డ ఏడిస్తే, "వస్తున్న తల్లీ, ఇది తినేదాకా ఆగు" అని అక్కడి నుంచే జవాబిచ్చింది.